మూడోనాటి ముద్ద

మా ఆయన గిరిధర్ పోయిన మూడోనాడు పిట్టకు పెట్టిన కూడును కాకి ముట్టలేదు. కర్రిగాడు ముట్టాడు. 2006 వానకాలం మా ఇంట్లో ఎలా గడిచిందో చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

కర్రిగాడు మా కుక్క. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆ ఇంట్లో ఉన్నాడు. అమరచింత బస్టాండు దగ్గర గిరిధర్‌కు మోటర్ వైండింగ్ దుకాణం ఉండేది. కర్రిగాడు పొద్దున ఆయన వెంట పోయి, చీకటి పడ్డాక ఆయన వెంటే వచ్చేవాడు. పేరు పెట్టినప్పుడు నల్లగా నిగనిగలాడేవాడట. ఆ ఏటికి మూతి చుట్టూ తెల్లబడి, పేరుకు దూరమయ్యాడు.

ఆ రోజు తుంపర పడుతోంది. మా చేనిగట్టున, బూడిద ఎత్తిన చోట విస్తరి పరిచారు. జొన్నరొట్టె, అన్నం, మాంసం, ఆయన తాగే సిగరెట్ల డబ్బా. మా అత్తమ్మ సుభద్రమ్మ గిన్నెలోంచి ముక్కలు తన చేత్తోనే ఏరి పెట్టింది.

"వదినా, పిట్టకు మెత్తటి ముక్కలు పెట్టాలె. బొక్కలెందుకు?" అన్నాడు మా చిన్నమామ శాంతయ్య.

"నల్లిబొక్క లేకుంటె వాడు కూట్ల చెయ్యి పెట్టడు. నీకు తెల్వదా?" అంది అత్తమ్మ, మూలుగ ఉన్న ఎముకను విస్తరిలో పెడుతూ.

అందరం వేపచెట్టు కిందికి వచ్చి నిలబడ్డాం. కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి. దిగలేదు. పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలి ఉంటే కాకి దిగదని, అదేమిటో కనిపెట్టి మాట ఇస్తే దిగుతుందని మావాళ్ల నమ్మకం. ఒక్కొక్కరూ ముందుకుపోయి మాట ఇచ్చారు. దుకాణం అమ్మబోమని ఒకరు, మీ అమ్మను చూసుకుంటామని ఒకరు. నన్నూ ఏదైనా అనమన్నారు. నాకు మాట రాలేదు.

కర్రిగాడు ఇంటి నుంచి మా వెనకే వచ్చి, అప్పటిదాకా బూడిద పక్కన పడుకుని ఉన్నాడు. లేచాడు. ఒళ్లు విదిలించుకున్నాడు. విస్తరి దగ్గరికి నడిచి, తలవంచి నోరు పెట్టాడు.

అత్తమ్మ మట్టిపెళ్ల తీసి విసిరింది. అది వాడి తలకు తగిలి చిట్లింది. నోట్లో ఉన్నదాన్ని గట్టిగా కొరికి పట్టుకుని కర్రిగాడు చేనుకడ్డంగా ఉరికాడు.

"పోనీ వదినా. కుక్కయితేంది, అదీ ప్రాణమే గద. గిరి తిన్నట్టే లెక్క," అన్నాడు శాంతయ్య మామ.

అత్తమ్మ గిన్నె ఎత్తుకుని ఇంటిదారి పట్టింది.

*

చుట్టాలు వెళ్లిపోయాక ఇంట్లో మేమిద్దరం మిగిలాం. నేను పాఠాలు చెప్పే బడికి మళ్లీ పోవడం మొదలుపెట్టాను. అత్తమ్మ పొయ్యి దగ్గర ఉండేది, లేకపోతే గోడవైపు తిరిగి పడుకునేది. మేం ఒకరితో ఒకరం అవసరమైనవి మాట్లాడుకునేవాళ్లం. నీళ్లొచ్చాయి. పప్పు అయిపోయింది. ఆయన పేరు ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు.

ఆ నిశ్శబ్దంలో చప్పుడు ఏదైనా ఉందంటే అది కర్రిగాడు ముఖం గీరుకునే చప్పుడు. ముందుకాలితో మూతిని కిందికి లాగేవాడు. తర్వాత వెనకకాలితో చెంప. తర్వాత గడపరాయికి ముఖం ఆనించి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రాసేవాడు. కొన్నాళ్లకు ఎడమకంటి కింద వెంట్రుకలు ఊడిపోయి పచ్చిపుండు పడింది. గడపకు పెట్టిన పసుపులో నెత్తురు చారలు కనిపించేవి. అత్తమ్మ కడిగేది.

వేపనూనె రాశాను. పశువుల దవాఖానకు తీసుకుపోతే కంపౌండరు దూరం నుంచే చూసి, గజ్జి అని సూది వేసి, మలాం ఇచ్చాడు. పుండు మానుతున్నట్టే ఉండేది, మళ్లీ రేగేది. ఎండుగడ్డి ముల్లు చెవిలో పోయిందేమోనని చెవి చూశాను. కన్ను కడిగాను. దుప్పటి మార్చాను. బడిలో పాఠం చెబుతూ కూడా, ఇంకేం చూడలేదా అని ఆలోచించేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆలోచించడానికి అదొకటి ఉండడం నాకు కావలసివచ్చింది.

పక్కింటి అలివేలమ్మ గోడ మీంచి చూసింది ఒకనాడు.

"టీచరమ్మా, దానికి సొల్లు కారుతున్నది. పిచ్చి లేసిందేమో చూసుకో. నా మనుమలు వాకిట్ల ఆడుతరు."

"పిచ్చి కాదు అలివేలమ్మా. నీళ్లు తాగుతున్నాడు."

"నీళ్లయితే నా పెనిమిటి గూడ తాగుతడు. పిచ్చి లేదంటవా?" అని నవ్వి, నేను నవ్వకపోయేసరికి గొంతు తగ్గించింది. "మీ అత్త ఏమంటున్నదో ఎర్కేనా? కొడుకు కూడు తిన్నది, అందుకే దాని మొఖం అదే పీక్కుంటున్నదంట. బజారంత అదే ముచ్చట."

ఆ మాట అత్తమ్మ నాతో అనలేదు. కానీ కర్రిగాడికి రొట్టె వేయడం ఆమె మానేసిందని నాకు తెలుసు. నేను బడి నుంచి వచ్చాకే వాడికి తిండి.

అంత బాధలోనూ వాడు దుకాణానికి పోవడం మానలేదు. పొద్దున నా బస్సు కదిలే వేళకు మూసిన షట్టర్ ముందు, ఎండలో, ముఖం గీరుకుంటూ కూర్చుని ఉండేవాడు. బస్సు కిటికీలోంచి కనిపించేవాడు. నేను తల తిప్పుకునేదాన్ని కాదు.

*

వినాయకచవితి పోయాక ఒక సాయంత్రం అత్తమ్మ తానే మాట మొదలుపెట్టింది. నేను కాపీలు దిద్దుతున్నాను.

"స్వరూపా, పెత్రమాస నాడు వానికి మళ్ల పెడత."

మా వైపు పోయినవాళ్లకు ఏడాది తిరిగితేగాని పెత్రమాసకు, అంటే పితృ అమావాస్యకు, పెట్టరు. ఆ మాటే అన్నాను.

"ఏడాది దాక నా కొడుకు ఆకలితోనుంటడా? ఆనాడు వాని నోటికాడికి పోలే. మళ్ల పెడత." వాకిలి వైపు చూసింది. "అప్పటికి ఆ కుక్క ఈ వాకిట్ల ఉండొద్దు."

"యాడికి పంపుదాం అత్తమ్మా?"

"ఏటి అవతల ఇడిసిపెట్టొస్తరు. గంతమంది ఇడిసిపెడుతలేరా? నీతోని కాదంటే చెప్పు, నేనే వడ్డేపల్లికి పోత. బిడ్డ ఇంట్ల పెట్టుకుంట. ఆడనే ఉంట."

"కూతురింట్లో ఎన్నాళ్లు?"

"ఉన్నన్నాళ్లు."

నేను కాపీ మూసి పక్కన పెట్టాను. ఆమె కోపంగా లేదు. అదే నన్ను భయపెట్టింది. ఆమె పోతే ఆ ఇంట్లో గిరిధర్‌ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లు ఉండరు. కర్రిగాడు పోతే ఆయన కోసం ఇంకా ఎదురుచూసేవాళ్లు ఉండరు. ఆ ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటోంది.

"వాడికి ఏమైందో తెలిస్తే?" అన్నాను.

"ఏమైందో నాకు తెల్సు."

*

అప్పటి నుంచి వాడు తినేటప్పుడు ఎదురుగా కూర్చుని చూశాను. రొట్టె ముక్క వేస్తే ఆశగా అందుకునేవాడు. నమలబోయి తల కుడివైపు వంచేవాడు. ముక్క కింద పడేది. మళ్లీ అందుకునేవాడు. రెండోసారి పడ్డాక ముందుకాలితో మూతిని లాగేవాడు. తిండి ముందు పెట్టనంతసేపూ అంతగా గీరుకోవడం లేదు. పుండు చర్మం మీద ఉంది గాని బాధ అక్కడ లేదనిపించింది. వంగి వాసన చూశాను. నోటి నుంచి కుళ్లిన వాసన.

కంపౌండరుతో చెబితే, "ముసలి కుక్క మేడం. నోరు గట్లనే ఉంటది," అన్నాడు.

నోరు తెరిచి చూద్దామని చెయ్యి పెట్టాను. కరిచాడు. లోతుగా కాదు, ఒద్దని చెప్పినట్టు. వాడి నోట్లో చెయ్యి పెట్టగలిగింది గిరిధర్ ఒక్కడే. దవడ పట్టి, పళ్లు లెక్కపెడుతున్నట్టు వేలు తిప్పి, "ఏం రా ముసలోడా, ఒక్కటన్న ఊడలే," అనేవాడు. వాడు తోక ఆడించేవాడు.

గద్వాలలో ఒక పశువుల డాక్టరమ్మ ఇంటి దగ్గరే కుక్కలను చూస్తుందని స్టాఫ్‌రూంలో విన్నాను. పెత్రమాస ముందురోజుకు సెలవు పెట్టాను. ఆ మాట ఇంట్లో చెబితే అత్తమ్మ లేచి తన చీరలు మూటకట్టుకుంది.

"నేనూ వస్త. నన్ను గద్వాల బస్టాండ్ల దించు. వడ్డేపల్లి బస్సెక్కుత."

సరే అన్నాను.

*

జోగయ్య ఆటో మాట్లాడాను. గిరిధర్‌కు తెలిసినవాడే. కర్రిగాడిని నా కాళ్ల దగ్గర పడుకోబెట్టి, మూతికి బట్ట కట్టబోతే జోగయ్య దూరం జరిగాడు.

"టీచరమ్మా, ముందే చెప్తున్న. నాకు కుక్కలంటె భయం. ట్రాఫిక్ పోలీసులంటె గూడ భయమే గని, వాళ్లు కరిస్తె సూదులుండవు."

అత్తమ్మ మూట ఒళ్లో పెట్టుకుని అవతలి అంచున కూర్చుంది. కర్రిగాడి తోక ఆమె కాలికి తగిలితే కాలు పైకి తీసుకుంది.

జూరాల డ్యాం మీద ఆటో నెమ్మదించింది. ఎగువన వానలు పడి గేట్లు ఎత్తారు. కింద నీళ్లు తెల్లగా విరిగి పడుతున్నాయి, తుంపర రోడ్డు దాకా వస్తోంది. చూడడానికి వచ్చినవాళ్లు రోడ్డు పక్కన మిరపకాయ బజ్జీలు తింటున్నారు. గిరిధర్ నన్ను పెళ్లయిన ఏడాది ఇక్కడికే తీసుకొచ్చాడు. అత్తమ్మ నీళ్ల వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"వాడు చిన్నగున్నప్పుడు గీ డ్యాం లేకుండె. పుట్టిలె ఏరు దాటేటోళ్లం. నా కొంగు ఇడిసేటోడు కాదు."

నేను ఊఁ అన్నాను. ఆయన గురించి ఆమె నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ ఇల్లు బస్టాండుకు ఇవతలే తగిలింది. ముందు కుక్కను చూపిద్దామంటే అత్తమ్మ కాదనలేదు. డాక్టరమ్మ పేరు సౌందర్య. చిన్నపిల్లలా ఉంది. కంపౌండరులా దూరం నుంచి చూడలేదు. నేను చెప్పినదంతా, రొట్టె కింద పడడం, తల ఒకవైపు వంచడం, వాసన, అన్నీ విని, కర్రిగాడి చెంప నొక్కింది. వాడు గుర్రుమన్నాడు.

"పుండు సంగతి తర్వాత. ముందు నోరు చూడాలి. మత్తు ఇస్త గని ముసలోడు, ఎక్కువ ఇయ్యలేను. నేను టార్చి పట్టుకుని చూస్త. ఇద్దరు పట్టుకోవాలి. ఒకరు వెనక కాళ్లు, ఒకరు పై దవడ."

జోగయ్య అప్పటికే గేటు బయట ఉన్నాడు. నేను వెనక కాళ్లు పట్టుకున్నాను. పై దవడకు గుడ్డపీలిక వేసి డాక్టరమ్మ చుట్టూ చూసింది.

అత్తమ్మ మూట కింద పెట్టింది. కొంగు నడుముకు చుట్టుకుంది. ఎడ్లకు మందు పోసిన చేతులవి. కర్రిగాడి మెడను మోకాళ్ల మధ్య ఇరికించి, పీలిక చివరలు అందుకుని లాగింది. మత్తులో ఉన్నవాడు ఒకసారి కన్నెత్తి ఆమెను చూశాడు. గుంజుకోలేదు.

టార్చి వెలుగు లోపల పడింది.

"అగో," అంది డాక్టరమ్మ. "చూసిన్రా, పైన?"

నాకు కనిపించలేదు. అత్తమ్మకు కనిపించింది. అంగిట్లో, ఈ పక్క దవడపళ్ల నుంచి ఆ పక్క దవడపళ్ల దాకా, వాసం అడ్డం పెట్టినట్టు ఒక బొక్క ఇరుక్కుని ఉంది. ఎడమవైపు చిగురు దాని మీదికి పెరిగి కప్పేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. పటకారుతో పట్టి, అటూ ఇటూ కదిపి, ఒక్క గుంజు గుంజింది. నెత్తురు, చీము, ఆ వాసన. స్టీలు గిన్నెలో బొక్క పడిన చప్పుడు చాలా చిన్నది.

"ఇది నిన్న మొన్నటిది కాదు. నెల దాటింది. బొక్కలు పెట్టిన్రా వీనికి?"

నేను జవాబు చెప్పేలోగా అత్తమ్మ గిన్నె మీదికి వంగింది. నిలువుగా చీలిన నల్లిబొక్క అది. లోపలి మూలుగ ఎప్పుడో కరిగిపోయింది.

"నేనే పెట్టిన," అంది.

డాక్టరమ్మ నోరు కడుగుతూ, "ఆకలి మీదుండి ఆత్రంగ కొరికిండేమో. లేకుంటె ఎవరన్న బెదరగొట్టిండ్రేమో. గట్టిగ నొక్కితేనే గిట్ల ఇరుక్కుంటది," అంది. మందులు రాసింది. మెత్తటిదే పెట్టమంది. పుండు దానంతటదే మానుతుందని చెప్పింది.

అత్తమ్మ ఇంకా వాడి మెడ పట్టుకునే ఉంది.

"అంటే, తినలే గద అమ్మా ఇది?"

"యాడ తింటడు పెద్దమ్మా. గా బొక్క అట్లనే ఉన్నది నోట్ల."

"మింగలేకపాయె, కక్కలేకపాయె," అంది అత్తమ్మ. కర్రిగాడి తల మీద చెయ్యి పెట్టింది. మట్టిపెళ్ల తగిలిన చోట. అది ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు.

గిన్నెలోంచి బొక్క తీసి, కొళాయి కింద కడిగి, కొంగు చివర ముడివేసుకుంది.

బయట జోగయ్య ఆటో తుడుస్తున్నాడు. "అయ్యిందా? ఇగ బస్టాండుకేనా పెద్దమ్మా?"

అత్తమ్మ మత్తులో వేలాడుతున్న కర్రిగాడి ముందుకాళ్లు పట్టుకుని ఉంది, నేను వెనకకాళ్లు. ఇద్దరం కలిసి వాడిని లోపల పడుకోబెట్టాం.

"గీ బరువు స్వరూప ఒక్కతే ఎట్ల దించుకుంటది?" అంది అత్తమ్మ. "ఇంటికి పోనీ."

డ్యాం మీద ఆపమంది. దిగి, రెయిలింగ్ దగ్గరికి పోయి, కొంగు ముడి విప్పింది. కింద హోరు ఎంత ఉందంటే బొక్క నీళ్లలో పడిందో లేదో కూడా తెలియలేదు. కాసేపు నిలబడి, తుంపరకు తడిసిన ముఖంతో వచ్చి కూర్చుంది. ఈసారి కాలు పైకి తీసుకోలేదు.

*

పెత్రమాస నాడు మాంసం వండింది. నేను రొట్టెలు చేశాను. వండాక గిన్నె ముందు కూర్చుని, ఒక్కొక్క ముక్కనూ వేళ్లతో విడదీసి బొక్కలు తీసేసింది. చాలాసేపు పట్టింది. విస్తరి మిద్దె మీద పెట్టి వచ్చి, నన్ను పైన ఉండి చూడమంది.

నేను పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాను. కింద వీధిలో ఆడపిల్లలు బతుకమ్మకని తంగేడు పూలు గంపలకెత్తుకుని పోతున్నారు. అలివేలమ్మ ఎవరినో తిడుతోంది. ఒక కాకి పక్కింటి మిద్దె నుంచి వచ్చి గోడ మీద వాలింది. మెడ అటూ ఇటూ తిప్పింది. దిగి విస్తరి చుట్టూ నడిచి, మాంసం ముక్క ఒకటి ముక్కున పట్టుకుని లేచిపోయింది.

నేను మెట్లు దిగి వచ్చాను. వాకిట్లో అత్తమ్మ పీట వేసుకుని కూర్చుని, రొట్టెను మాంసం పులుసులో నానబెట్టి, మెత్తగా పిసికి, ముద్దలు చేసి కర్రిగాడి ముందు పెడుతోంది. వాడు తల పక్కకు వంచకుండా తింటున్నాడు.

"అత్తమ్మా, కాకి ముట్టింది."

"ముట్టనీ," అంది. తల ఎత్తలేదు. ఇంకో ముద్ద చేసింది. "వాడు ఏది తిన్నా ఆఖరి ముద్ద దీనికే పెడుతుండె గద. నేనే యాది మర్చిన."

ఆ సాయంత్రం ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు. ఇన్ని వారాలు ఆ గీరుకునే చప్పుడు ఆగిపోతే చాలనుకున్నాను. ఆగింది. ఇక వెతకడానికి ఏమీ లేదు. కాపీలు ముందు పెట్టుకుని కూర్చున్నాను గాని ఒక్కటీ దిద్దలేకపోయాను. అత్తమ్మ వచ్చి నా పక్కన చాప పరుచుకుంది. గోడవైపు తిరగలేదు.

మరునాడు బడి ఉంది, దసరా సెలవులు ఇంకా ఇవ్వలేదు. నేను తయారై బయటికి వచ్చేసరికి కర్రిగాడు లేచి, వాకిలి దాటి, బస్టాండు వైపు నడుస్తున్నాడు.

"మందు వేసుకోకనే యాడికి పోతుండు?" అంది అత్తమ్మ.

"దుకాణం దగ్గరికి."

"దుకాణం బందున్నది గద."

"రోజూ పోతాడు అత్తమ్మా. సాయంత్రం దాకా షట్టర్ ముందు కూర్చుంటాడు."

ఆమె కొంచెంసేపు వీధి వైపు చూసింది. తర్వాత లోపలికి పోయింది. మేకుకు తగిలించిన తాళంచెవుల గుత్తి చప్పుడు వినిపించింది. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు.

"షట్టర్ ఎత్తేటందుకు జోగయ్యను పిలుస్త," అంది చెప్పులు తొడుక్కుంటూ. "జర నీడకన్న కూసుంటడు. నువ్వు పో, నీ బస్సు పోతది."

ఆ రోజు బస్సు కిటికీలోంచి చూశాను. షట్టర్ సగం దాకా లేచి ఉంది. లోపల రాగితీగ చుట్టల మధ్య, ఆయన స్టూలు మీద అత్తమ్మ కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర కర్రిగాడు పడుకుని ఉన్నాడు. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తున్నారు. బస్సు మలుపు తిరిగేదాకా నేనూ చూశాను.